గుంటలో దూదికి ఒక పేరు

పిడుగురాళ్ల సున్నపు బట్టీల వెనక వీధిలో ఆ వేసవి మొదటి తగాదా దూది గురించి వచ్చింది.

"మీ ఇంటి దూదంతా గుంటలో తేలుతోంది. ఆ నీళ్ళల్లో మేం బట్టలుతుక్కునేదెట్టా?" అని పుల్లమ్మ పొద్దున్నే వచ్చి గుమ్మంలో నిలబడి అరిచింది. పుల్లమ్మ మామూలుగా మాట్లాడినా అరిచినట్టే ఉంటుంది. నిజంగా అరిస్తే బట్టీల దగ్గర రాయి కొట్టేవాళ్ళు సుత్తులు ఆపి వింటారు.

ఆవిడ అనుమానం ఉత్తిది కాదు. నాగూర్ వలిది దూదేకే ఇల్లు. పెళ్ళిళ్ళ రోజులు కావడంతో పరుపులకు గిరాకీ పెరిగి, పొద్దుగూకేదాకా అతని విల్లు టంగు టంగుమని మోగుతూనే ఉండేది. దూది నూగు గాలికి లేచి ఇంటింటికీ తిరిగి వచ్చేది. వీధిలో ఎవరికి తుమ్ము వచ్చినా ముందు నాగూర్ వలిని ఒక మాట అనుకుని, ఆ తరవాతే ముక్కు తుడుచుకునేవారు. అందుకని అతను ఎదురు చెప్పకుండా, "ఏమే, పోయి తీసేసి రా" అని భార్యను పంపాడు.

భార్య చాంద్‌బీ బుట్ట తీసుకుని గుంట దగ్గరికి వెళ్ళింది. సున్నపురాయి తవ్వుకుని, ఇక లాభం లేదని ఎవరో ఎప్పుడో వదిలేసిన గుంట అది. వాన నీరూ ఊట నీరూ చేరి, అడుగున రాయి కనబడేంత తేటగా ఉంటుంది. ఆ నీళ్ళలో నిజంగానే తెల్లటి పింజలు తేలుతున్నాయి. నయాపైసలు వాడకంలోకి వచ్చిన రెండో ఏడు అది. ఒక్కో పింజ కొత్త నయాపైసంత ఉంది. చాంద్‌బీ మొగుణ్ణి మనసులోనే నాలుగు తిట్టి, వంగి బుట్ట ముంచింది.

పింజ పక్కకి తప్పుకుంది.

చేత్తో తీయబోయింది. అది ముడుచుకుని, విప్పుకుని, మళ్ళీ ముడుచుకుని, నీళ్ళలో మెట్లెక్కినట్టు పైకి వచ్చింది. పైకి వచ్చాక గొడుగులా విచ్చుకుని, తీరిగ్గా కిందికి దిగిపోయింది. దూది గాలికి ఎగరడం చాంద్‌బీ పుట్టినప్పటి నుంచీ చూస్తోంది. ఈదడం మాత్రం చూడలేదు. కెవ్వుమని ఒక అడుగు వెనక్కి వేసి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, మళ్ళీ ముందుకొచ్చి కూర్చుంది. ఎండ నెత్తి మీదికొచ్చేదాకా అలాగే కూర్చుంది. వాటికి ఎక్కడికీ వెళ్ళే పని లేదు. పైకి రావడం, కిందికి దిగడం, అంతే. అంత తీరుబడిగా బతికేవాళ్ళను ఆమె ఎరగదు.

"అది మన దూది కాదు. దానికి ప్రాణముంది" అని ఇంటికొచ్చి చెప్పింది.

"ఎండలో ఎక్కువసేపు కూర్చున్నట్టున్నావు" అన్నాడు నాగూర్ వలి.

కుక్కి మంచం మీద నుంచి అత్తగారు ఇంకొంచెం సాయం చేసింది. "ఒక పూట పని ఎగ్గొట్టడానికి దూదికి కూడా ప్రాణం పోసింది మహాతల్లి!"

తగాదా తీర్చడానికి పుల్లమ్మ ఆ ఆదివారం నత్తల సారును పట్టుకొచ్చింది. నత్తల సారు అసలు పేరు ప్రేమదాసు. పుట్టింది పర్చూరు దగ్గర, గుంటూరులో ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాడు. ఆదివారం చర్చిలో ప్రార్థన ముగియగానే మాచర్ల బండెక్కి వచ్చి, ఈ రాతి గుంటల్లో నత్తగుల్లలు ఏరుకుని పోతుంటాడు. అంత జీతం తెచ్చుకునే మనిషికి నత్తల కర్మ ఏమిటో వీధిలో ఎవరికీ అంతుబట్టలేదు. అయినా మెత్తని మనిషని అందరికీ ఇష్టమే.

"సారూ, మీరు చదువుకున్నోళ్ళు. అది దూదో కాదో మీరే తేల్చండి" అంది పుల్లమ్మ.

ప్రేమదాసు వంగి చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఆ తరవాత బూట్లతో సహా గుంటలోకి దూకాడు.

"దూది కాదు! దూది కాదు!" అని నడుంలోతు నీళ్ళలో నిలబడి అరుస్తున్నాడు.

"చదువు ఎక్కువైతే ఇట్టాగే అవుద్ది" అంది పుల్లమ్మ, చాంద్‌బీ చెవి దగ్గర. గట్టిగానే అంది.

అతనికి అర్జంటుగా ఒక గాజు సీసా కావలసివచ్చింది. చాంద్‌బీ ఇంటికి పరిగెత్తి, చేతికి అందింది తెచ్చింది. అది అత్తగారు అజీర్తికి వేసుకునే కరక్కాయ పొడి సీసా. పొడి పొట్లం కట్టి, సీసా కడిగి ఇచ్చింది. ఆ సంగతి తెలిసి, "వాటికీ అరగటం లేదంటనా?" అని అడిగింది అత్తగారు.

అరుగు మీద కూర్చుని, బట్టలు పిండుకుంటూ ప్రేమదాసు విడమరిచి చెప్పాడు. వాడరేవులో సముద్రం ఒడ్డుకు పళ్ళేలంత జెల్లీ చేపలు కొట్టుకొస్తాయి కదా, ఇవి వాటికి మరీ చిన్న చెల్లెళ్ళు. అవి ఉప్పునీళ్ళలో బతికేవి, ఇవి మంచినీళ్ళలో బతుకుతున్నాయి. ఇలాంటివి అక్కడొకటి ఇక్కడొకటి ఇంతకుముందు దొరికాయి. ఇది వాటిలో ఒకటో, లేక ఎవరూ ఎరగనిదో తేలాలంటే ఒళ్ళంతా కొలిచి, ఉన్నది ఉన్నట్టు రాయాలి.

రాయడం అంటే ఒక పూటలో అయ్యే పని అనుకుంది చాంద్‌బీ. ఆ వేసవి అంతా పట్టింది. ఆదివారం ఆదివారం అతను అరుగు మీద భూతద్దం పెట్టుకుని, ఒక్కో జీవికి అంచున ఎన్ని మీసాలున్నాయో లెక్కపెట్టేవాడు. సగంలో ఉండగా అది ముడుచుకునేది. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టేవాడు. కోపం రాదా అని చాంద్‌బీ ఆశ్చర్యపోయేది. వానలు పడగానే అవి మాయమైపోయాయి. మరుసటి వేసవికి మళ్ళీ కనబడ్డాయి, ప్రేమదాసు మళ్ళీ మొదలుపెట్టాడు. కలకత్తాలో పెద్దవాళ్ళకు సీసాలు పంపాడు.

ఆ రెండో వేసవి చివర ఒక ఆదివారం మిఠాయి పొట్లంతో దిగాడు. "కొత్తదే! ఇంతవరకూ ఈ భూమి మీద దీని గురించి ఎవరూ రాయలేదు" అన్నాడు. వీధి వీధంతా అరుగు ముందు చేరింది. "రేపు కాయితాలు పోస్టు చేస్తాను. పేరు ఒక్కటే మిగిలింది. మొదట చూసినావిడ పేరే పెడదామని నా కోరిక. వలీ, మీ ఆవిడ పేరేంటి?"

"చాంద్‌బీ" అన్నాడు నాగూర్ వలి, మీసం సర్దుకుంటూ.

"నేను తగాదా పెట్టుకోబట్టే కదా సారూ బయటపడింది. నా పేరు కూడా ఏ మూలనో ఇరికించండి" అంది పుల్లమ్మ. అందరూ నవ్వారు.

లోపల పొయ్యి దగ్గర ఉన్నామెకు మాత్రం నవ్వు రాలేదు.

ఎందుకంటే ఆమె పేరు చాంద్‌బీ కాదు. అద్దంకిలో కన్నతల్లి పెట్టిన పేరు వేరు. పెళ్ళయి ఈ ఇంట్లో అడుగుపెట్టేసరికి అత్తగారి పేరు కూడా అదే అని తేలింది. అత్తగారి పేరు కోడలు పలకకూడదు. ఆ పేరుతో ఇంకో మనిషిని ఇంట్లో కేకేయడం అసలే కుదరదు. ఆ రోజే అత్తగారు, "ఇవాళ్టి నుంచీ ఇది చాంద్‌బీ" అంది, అయిపోయింది. మొగుడికి "ఏమే", కొడుకు పుట్టాక ఊరికి "సుభానీ వాళ్ళమ్మ", లెక్కకు చాంద్‌బీ. అసలు పేరుతో పిలవడానికి అద్దంకిలో తల్లి ఒక్కతే మిగిలింది. పోయిన సంక్రాంతి నెలలో ఆ తల్లి కూడా కన్నుమూసింది. అంత్యక్రియల నుంచి తిరిగొస్తూ బస్సులో ఆమె ఏడ్చింది తల్లి కోసం ఒక్కటే కాదు. ఇక తనను ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ లేరు.

మనకు ఆ పట్టింపు లేదు కనక చెప్పేసుకుందాం. ఆ పేరు మౌలాబీ.

రేపు పోస్టులో పడిపోతే ఇంతే సంగతులు. ఇన్నాళ్ళకు ఒక జీవికి తన పేరు పెడుతుంటే, అది కూడా అరువు పేరేనా? చెయ్యి కొంగుకు తుడుచుకుని గుమ్మంలోకి వచ్చింది.

"అది నా పేరు కాదు సారూ."

"ఏందే, నీ పేరు నీది కాదా?" అన్నాడు నాగూర్ వలి.

"ఈ ఇంట్లో పెట్టింది అది. మా అమ్మ పెట్టింది వేరే ఉంది."

"అయితే అదే చెప్పండమ్మా. కొట్టేసి రాస్తాను" అని ప్రేమదాసు కలం ఎత్తి పట్టుకున్నాడు.

ఆమె నోరు తెరిచింది. మూసింది. "నేను పలకకూడదు సారూ" అంది చిన్నగా.

"మీ పేరు మీరే పలకకూడదా?"

"అది మా అత్తమ్మ పేరు గూడా."

ప్రేమదాసు కలం గాలిలోనే ఉండిపోయింది. ముడుచుకునే మీసాలను లెక్కపెట్టిన మనిషికి కూడా ఇది కాస్త కష్టంగానే తోచింది. "పోనీ వలీ, మీ అమ్మగారి పేరు నువ్వు చెప్పు."

నాగూర్ వలి నాలిక కరుచుకున్నాడు. "కన్నతల్లిని, ఎదురుగా పెట్టుకుని, పేరు పెట్టి ఎట్టా అంటానండీ?"

పుల్లమ్మకు ఆ పేరు తెలుసు. చెప్పాలని ప్రాణం కొట్టుకుపోతోంది. కానీ మంచం మీద ముసలామె సరిగ్గా ఆవిడనే చూస్తోంది. పుల్లమ్మ పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నోరు మూసుకుని నిలబడింది.

"అబ్బాయ్, ఇట్టా రా" అంది ముసలామె. "నా పేరు పెడతారంటగా దానికి? ముందు అది ఎట్టా ఉంటదో చెప్పు."

ప్రేమదాసుకు ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం తప్ప ఇంకోటి రాదు. మంచం పక్కన కూర్చుని, తను రాసింది తెలుగు చేసి వినిపించాడు. "ఎముక లేదమ్మా. తల లేదు. నెత్తురు లేదు. గుండె లేదు."

"మరి ఏముంది?"

"నోరుంది."

వెనక ఎవరో దగ్గారు.

"ఏపాటి నోరు?"

"గొడుగు మధ్యలోంచి కిందికి వేలాడేదంతా నోరేనమ్మా. తినడం దాంతోనే, మిగిలింది బయటికి వెయ్యడమూ దాంతోనే. చుట్టూ దారాల్లాంటి మీసాలు. అవి తగిలితే మంట. చిన్న చిన్న నీటి పురుగులైతే చచ్చిపోతాయి. మనుషులకేం కాదు" అని చివరి మాట తొందరగా కలిపాడు.

వీధిలో అందరూ నేల చూపులు చూస్తున్నారు. కోడలు కొంగు నెత్తి మీదికి లాక్కుంది. ఈ పేరు కావాలని అడగడం అత్తగారిని నలుగురిలో నిలబెట్టి ఇన్ని మాటలూ అనిపించినట్టయింది. ఇరవై ఏళ్ళకు పైగా లేని పేరు ఇప్పుడు లేకపోతే ఏం పోతుంది? పోతుందని ఆమెకు తెలుసు. అయినా అంది.

"వద్దులే సారూ. చాంద్‌బీ అనే పంపించండి."

"ఆగవే" అంది అత్తగారు. "నువ్వొచ్చిన నాడు నీ పేరు ఎందుకు మార్చానో తెలుసా?"

"ఒకే పేరుతో ఇద్దరుంటే కుదరదనిగా."

"కుదరక కాదు. కోడలన్నాక తిట్టాలిగా మరి! ఆ పేరు పెట్టి తిడితే నన్ను నేను తిట్టుకున్నట్టుంటది. అందుకని మార్చా. మార్చి కడుపునిండా తిట్టా. తిట్టానా లేదా?"

"తిట్టావు అత్తా" అంది కోడలు, ఉన్నమాటే కనక.

"ఇప్పుడు పళ్ళు లేవు. తిట్టే ఓపికా లేదు. ఇంకా నీ పేరు నా దగ్గర పెట్టుకుని ఏం చేసుకుంటా?" ముసలామె ప్రేమదాసు వైపు తిరిగింది. "రాయి నాయనా. మౌలాబీ. నాది కాదు, దానిది. నోరూ మంటా విని ఊళ్ళోవాళ్ళు నాదే అనుకుంటారు. అనుకోనీ. ఊరికే వస్తుంటే నేను మాత్రం ఎందుకు వద్దంటా?"

వీధంతా ఒక్కసారిగా నవ్వింది. అందరికంటే గట్టిగా పుల్లమ్మ నవ్వింది. అంతసేపు బిగబట్టుకున్నదంతా అందులో పోయింది. ప్రేమదాసు పాత పేరు కొట్టేసి కొత్తది రాసి, దాని చివర శాస్త్రంవాళ్ళు తగిలించే చిన్న తోక ఒకటి తగిలించి, పైకి చదివాడు. తోక ఎవరికీ పట్టలేదు. ముందున్న పేరు అందరికీ వినబడింది.

"ఒసేయ్ మౌలాబీ! సారుకి టీ పెట్టు" అంది ముసలామె.

ఎవరూ కదల్లేదు. కోడలు కూడా మంచం వైపే చూస్తూ నిలబడింది, అత్తగారు తనను తాను పిలుచుకుంటోందేమో అన్నట్టు.

"నిన్నేనే!"

"ఆఁ... ఇదిగో అత్తా" అంది మౌలాబీ. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళి, టీలో చక్కెర రెండుసార్లు వేసింది.

అది కాగే లోపల ముసలామె ఇంకా పిలుస్తూనే ఉంది, పనేమీ లేకపోయినా. పిలిచినప్పుడల్లా మౌలాబీ పలికింది.