పద్నాలుగో ప్రశ్నకు కీ

"వంటింట్లో కూర్చుని వేసిన కీ కదమ్మా, ఉప్పు కాస్త ఎక్కువో తక్కువో అవుతుంది" అంటూ ముందుగదిలో మొగుడు నవ్వడం, గిన్నెలు తోముతున్న ఆమెకు వినిపించింది.

ఆ మాట అన్నది తన దగ్గర కోచింగ్ తీసుకుంటున్న నర్సుతో. ఆ పిల్ల ఆసుపత్రిలో డ్యూటీ దిగి, యూనిఫాం కూడా మార్చుకోకుండా జవాబుపత్రం పట్టుకుని వచ్చింది. ఆయన కోచింగ్ సెంటర్లో ఇంగ్లీషు గ్రామర్ చెబుతాడు. అందరికీ ఆయన సారు. సారు పేరుతో వచ్చే ప్రశ్నపత్రాలూ, వాటి జవాబుల కీలూ అన్నీ పదకొండేళ్లుగా ఈమే రాస్తోంది, పొయ్యి మీద పాలను ఓ కంట కనిపెడుతూ. 'నీకూ కాలక్షేపంగా ఉంటుందిగా' అన్నాడు మొదట్లో. 'వాడక్కడ గొంతు చించుకుంటున్నాడు, ఇంట్లో కూర్చుని నాలుగు ముక్కలు రాస్తే అరిగిపోతావా' అంది అత్తగారు. నిజమే, అరిగిపోలేదు. కనబడకుండా పోయింది, అంతే.

చేతులు తుడుచుకుంటూ వచ్చి పేపరు చూసింది. పద్నాలుగో ప్రశ్న. 'రోగిని పరీక్షిస్తూ, కరెంటు పోయింది' అని అర్థమొచ్చే ఇంగ్లీషు వాక్యం. తప్పో ఒప్పో చెప్పాలి. నర్సు తప్పని పెట్టింది. కీలో ఒప్పని ఉంది. ఆ ఒక్క మార్కు తగ్గి ఫైనల్ బ్యాచ్‌లో చోటు పోయింది.

"రోగిని చూసేది కరెంటా మేడమ్? మేం కదా!" అంది నర్సు.

ఈమె రాసిన కీలో తప్పనే ఉంది. టైపు చేస్తూ ఆయనే మార్చాడు. 'అర్థమవుతోందిగా, చేసినవాళ్లు ఎవరైతే ఏం?' అన్నాడు ఆరోజు. కాదనబోతే, 'నాకు చెప్పేంతదానివయ్యావా' అన్నాడు.

నర్సు వెళ్లాక సారు గొంతు తగ్గించాడు.

"రేపోసారి క్లాసుకి రా. పొరపాటు నీదేనని పిల్లలకి ఓ మాట చెప్పేసెయ్. నిన్నెవరూ ఏమీ అనుకోరు. నాకైతే పరువు పోతుంది."

"సరే" అంది.

మర్నాడు పొద్దున, మొదటిసారి ఆ గదిలో అడుగుపెట్టింది. గోడ మీద తను రాసిన సూత్రాలే పోస్టరుగా వేలాడుతున్నాయి, కింద ఆయన ఫొటోతో. ఎనభై మంది. మూడో వరసలో నర్సు.

"మా ఇంట్లో ఆవిడ మీకో మాట చెబుతుందట" అన్నాడు సారు, పెద్దమనసు చేసుకున్నట్టు.

ఆమె సుద్దముక్క తీసుకుని ఆ వాక్యం బోర్డు మీద రాసింది. రెండో అక్షరం వంకరపోతే తుడిచి మళ్లీ రాసింది.

"పరీక్షిస్తూ అని మొదలుపెడితే, కామా దాటగానే ఆ పనిచేసిన మనిషి ఉండాలి. ఇక్కడ ఎవరున్నారు?"

"కరెంటు!" అన్నారెవరో వెనకనుంచి. నవ్వులు.

'నర్సు రోగిని పరీక్షిస్తుండగా కరెంటు పోయింది' అని ఇంగ్లీషులో సరిచేసి రాసింది.

"ఇదీ సరైన వాక్యం. పేపర్లో ఉన్నది తప్పు. నా కీలో తప్పనే రాశాను. ఒప్పని మార్చింది మీ సారు."

సారు మొహం మాడిపోయింది.

"ఇంటికి పద" అన్నాడు పళ్ల సందున.

ఇంటికెళ్లాక ఏమవుతుందో ఆమెకు తెలుసు. వారం రోజులు మాటలుండవు. ఫోన్లో ఆడపడుచు, గుమ్మంలో అత్తగారు, కంచం తోసేసి లేచిపోయే ఆయన. తెలియనివేం కావు. అయినా పేపర్లో ఇంకా పదహారు ప్రశ్నలున్నాయి.

"మీరు వెనక కూర్చోండి" అంది ఆయనతో, ఎప్పటి మర్యాదతోనే. తర్వాత పిల్లలవైపు తిరిగింది. "పదిహేను ఎవరికి రాలేదో చేతులెత్తండమ్మా."