పిస్తోలు మూతికి మరలు

బుల్ క్రీక్ ఊళ్ళో తుపాకులు బాగుచేసే కొట్టు ఒక్కటే ఉంది. అది ఆర్విడ్ ట్వైట్‌ది. అతనికి ముందు అతని మామగారు ఎమిల్ హాస్‌ది. ఎమిల్ దగ్గర పని నేర్చుకోవడానికి ఒకే ఏడాది ఇద్దరు చేరారు. ఒకడు ఆర్విడ్, రెండోవాడు లైల్ బుషార్డ్. లైల్ చేతిలో పనితనం ఎక్కువ, కాలికి నిలకడ తక్కువ. రెండేళ్ళు తిరగకుండానే ఇనుము కోసే లేత్ మిషన్ వదిలేసి కొండలెక్కాడు. ఉచ్చులు వేసి బొచ్చుతోళ్ళు అమ్ముకునే బతుకులో పడ్డాడు. ఆర్విడ్ ఉండిపోయాడు. కొట్టు అతనికే దక్కింది. ఎమిల్ కూతురు మార్వా కూడా అతనికే దక్కింది.

ఆ దక్కడం గురించే ఆర్విడ్‌కి నలభై ఏళ్ళుగా లోపల ఒక ముల్లు. మార్వా తనను కోరి చేసుకుందా, లేక లైల్ వెళ్ళిపోయాక మిగిలినవాడినని చేసుకుందా? పెళ్ళికి ముందు ఆమె ఒక వేసవంతా లైల్ ట్రక్కులో తిరిగిందని ఊరందరికీ తెలుసు. ఆర్విడ్ ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు. అడిగితే జవాబు వినాల్సి వస్తుందని అతని భయం.

అదృష్టవశాత్తూ లైల్ ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా కొట్టు గడప తొక్కలేదు. తన తుపాకులకు ఏం వచ్చినా కొండ అవతలి ఊళ్ళో ఉన్న ముసలాయన దగ్గరికి తీసుకెళ్ళేవాడు. అలాంటివాడు మార్చి నెలలో ఒక పొద్దున్న, మంచు కరిగి రోడ్డంతా బురదగా ఉన్నప్పుడు, బూట్లు టపటపలాడించుకుంటూ లోపలికి వచ్చాడు.

"ఏమోయ్ ఆర్విడ్, ఇంకా బతికే ఉన్నావా?"

"నీకంటే ముందు పోకూడదని పట్టుబట్టి కూర్చున్నాను," అన్నాడు ఆర్విడ్, నవ్వకుండా.

"ఆఁ? గట్టిగా చెప్పు. ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడిదైనా దక్కించుకోమన్నాడు డాక్టరు." లైల్ ఒక గుడ్డమూట బల్లమీద పెట్టి విప్పాడు. అందులో పాత పాయింట్ టూ టూ పిస్తోలు, దాని పక్కన చప్పుడు తగ్గించే సరికొత్త సైలెన్సర్. "ఉచ్చుల్లో చిక్కినవాటిని చంపడానికి రోజుకు నాలుగైదుసార్లు పేల్చాల్సి వస్తుంది. కుక్క కూడా అదిరిపోతోంది. ఈ సైలెన్సర్ అనుమతి కోసం సర్కారుకి కాగితాలు పెట్టి ఏడు నెలలు కూర్చున్నాను. తీరా వచ్చాక చూస్తే తిప్పి తగిలించడానికి పిస్తోలు మూతికి మరలే లేవు. కొండ అవతలి పెద్దాయన చేతులు వణుకుతున్నాయని కొట్టు మూసేశాడు. ఇక నువ్వే గతి."

ఆర్విడ్ పిస్తోలు తీసి వెలుతురుకు పెట్టి చూశాడు. ఎమిల్ కాలం నాటిది. ఇలాంటివి తయారైనప్పుడు వీటికి సైలెన్సర్ పెట్టాలన్న ఆలోచన ఎవరికీ లేదు. గురి చూసే ముక్క సరిగ్గా పిస్తోలు గొట్టం చివరే కూర్చుని ఉంది. దాన్ని వెనక్కి జరపాలి. ఆ తర్వాత మరలు కోయాలి. తేలిక పని కాదు, కానీ చేయగలిగిన పనే.

"వదిలిపెట్టి వెళ్ళు. శనివారం రా," అన్నాడు.

అంతలో వెనక గదిలోంచి మార్వా కాఫీ పట్టుకుని వచ్చింది. భర్తకు తెచ్చిన కప్పు లైల్ చేతిలో పెట్టింది. అతని కుడివైపుకు వెళ్ళి, చెవి దగ్గరగా వంగి, "గడ్డం గీసుకోవడం మానేశావేం? ఎలుగుబంట్లు చుట్టరికం కలుపుకుంటున్నాయా?" అంది.

"కలుపుకున్నాయి. నిన్ను కూడా అడిగినట్టు చెప్పమన్నాయి," అన్నాడు లైల్.

మార్వా పకపకా నవ్వింది. తల వెనక్కి వాల్చి, గొంతు విప్పి నవ్వింది. ఆ నవ్వు తను ఆఖరిసారి ఎప్పుడు విన్నాడో ఆర్విడ్‌కి గుర్తు రాలేదు. గోడ గడియారం వైపు చూశాడు. ఆమె అక్కడ ఇరవై నిమిషాలు నిలబడింది. అతనికి కాఫీ రానే లేదు.

మర్నాడు పిస్తోలు విప్పడానికి కూర్చున్నాడు. పిడికి రెండువైపులా వాల్‌నట్ చెక్కలున్నాయి. ఫ్యాక్టరీవి కావు. ఎవరో చేత్తో చెక్కినవి. ఫర్ చెట్టు ఆకుల్లాంటి సన్నటి గీతలు, ఒక్కటీ వంకర పోలేదు. పని చేసినవాళ్ళ చేతికి మనసులోనే దండం పెట్టుకుని మరమేకు తిప్పాడు. చెక్క ఊడి వచ్చింది. లోపలివైపు పెన్సిల్‌తో రాసి ఉంది. "ఎం. నుంచి ఎల్.కి. చలికాలం అయ్యాక."

అక్షరాలు ఎవరివో అతనికి ఇట్టే తెలిసింది. ఆ చేతిరాతతోనే వారం వారం కిరాణా చీటీ అతని జేబులోకి వస్తుంది.

మార్వా చిన్నప్పటి నుంచీ తండ్రి పక్కన కూర్చుని చెక్క చెక్కేదని అతనికి తెలుసు. పెళ్ళయ్యాక మానేసింది. నలభై ఏళ్ళ కాపురంలో అతని తుపాకీకి ఒక్క గీత కూడా గీసి ఇవ్వలేదు. లైల్‌కి మాత్రం వారాల తరబడి కూర్చుని చెక్కి ఇచ్చింది. ఆ చెక్కల్ని వాడు ఇన్నేళ్ళూ అరచేతిలో పెట్టుకుని తిరిగాడు. నున్నగా అరిగిపోయి ఉన్నాయి. ఆ నునుపే ఆర్విడ్ కడుపులో మంట పెట్టింది.

ఆ మంటలోనే గొట్టాన్ని లేత్‌కి బిగించాడు. పాత పిస్తోళ్ళలో గొట్టం బయటి గుండ్రానికీ లోపలి రంధ్రానికీ పొత్తు సరిగ్గా కుదరదు. దీనిలోనూ వెంట్రుకవాసి తేడా ఉంది. రంధ్రాన్ని చూసుకుని మరలు కోయాలి. బయటిది చూసుకుని కోస్తే గుండు వంకరగా పోయి సైలెన్సర్ లోపల కొట్టుకుంటుంది. ఏడు నెలలు కాచుకుని తెచ్చుకున్న సైలెన్సర్ మొదటి దెబ్బకే పాడైపోతుంది. అది పగపట్టి చేశాడని ఎవరూ అనరు. వయసు మీదపడింది, చూపు ఆనలేదు అనుకుంటారు.

ఆ ఆలోచన రాగానే గబుక్కున స్విచ్ ఆపేసి, రెండు అడుగులు వెనక్కి వేశాడు. ఎదుటివాడి చేతిలో పేలేదాన్ని కావాలని వంకరగా కోసే మనిషి కాదు తను. అలా కాలేడు. కానీ చక్కగా చేసి ఇవ్వడానికి కూడా మనసు ఒప్పలేదు. అన్నీ మళ్ళీ బిగించి, గుడ్డలో చుట్టి పెట్టేశాడు.

శనివారం లైల్ వచ్చాడు. మార్వా కిటికీ పక్కన కూర్చుని బిల్లులు సర్దుతోంది.

"కుదరదు," అన్నాడు ఆర్విడ్. "గొట్టం పలచబడింది. మరలు కోస్తే ఇక ఏమీ మిగలదు."

లైల్ వాదిస్తాడనీ, ఎగతాళి చేస్తాడనీ అతను అనుకున్నాడు. లైల్ మాత్రం తల ఊపాడు. "నువ్వే కుదరదన్నావంటే ఇక కుదరదన్నమాటే. ఎమిల్ ఎప్పుడూ అనేవాడు కదా, ఆర్విడ్ కొలిచాక మళ్ళీ కొలవక్కర్లేదని." మూట తీసుకోబోయాడు.

ఎమిల్ ఆ మాట అన్నాడని ఆర్విడ్‌కి తెలియదు.

మార్వా లేచి వచ్చి, మూట విప్పి, గొట్టం చివరను బొటనవేలుతో తడిమింది. మొగుడి మొహం చూసింది. మళ్ళీ గొట్టం చూసింది. ఎమిల్ కూతురికి ఇనుము మందం చెప్పడానికి కొలబద్ద అక్కర్లేదు.

"లైల్, దీన్ని ఇక్కడే ఉంచి వెళ్ళు. ఇంకోసారి కొలిచి చూస్తాం," అంది. అతను ట్రక్కెక్కి వెళ్ళాక తలుపుకు గడియ పెట్టింది.

"ఎందుకు అబద్ధమాడావు?"

ఆర్విడ్ పిడి చెక్క ఊడదీసి ఆమె ముందు పెట్టాడు. మార్వా కళ్ళజోడు పైకి జరుపుకుని చదువుకుంది. ఆమె మొహం ఎర్రబడుతుందనుకున్నాడు. ఎర్రబడలేదు.

"అవును, నేను రాసిందే. చలికాలం అయ్యాక వస్తానన్నాడు. పెళ్ళి చేసుకుందామన్నాడు. నేను సరేనన్నాను. చలికాలం అయింది, వేసవి కూడా అయింది, మనిషి రాలేదు. ఒక్క ఉత్తరం ముక్క లేదు."

"అంటే, అతను వచ్చి ఉంటే..."

"వచ్చి ఉంటే అతన్నే చేసుకునేదాన్ని. నువ్వు అడగాలనుకున్నది అదేగా? నలభై ఏళ్ళ కిందటే అడిగి ఉంటే అప్పుడే చెప్పేదాన్ని. అప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు, ఆర్విడ్. అరవై వచ్చాక దానికి క్షమాపణ చెప్పమంటావా?"

ఆ జవాబు అతనికి సూటిగా తగిలింది. ఇన్నేళ్ళూ ఏ మాటకు భయపడ్డాడో సరిగ్గా అదే మాట.

"నా తుపాకీకి ఒక్క గీత గీయలేదు నువ్వు," అన్నాడు. తన గొంతు తనకే చంటిపిల్లాడి గొంతులా వినిపించింది.

"గీయలేదా?" మార్వాకి ఇప్పుడు కోపం వచ్చింది. "పెళ్ళయిన మొదటి చలికాలం నీకోసం రైఫిల్ చెక్క మొదలుపెట్టాను. నువ్వు ఏమన్నావో గుర్తుందా? కొట్టంతా రంపపు పొడి అవుతోందన్నావు. ఆడదాని చేతిపని అంటే పైసా ఎక్కువ ఇవ్వరన్నావు. నా బల్ల ఖాళీ చేసి దానిమీద నీ డబ్బాలు పెట్టుకున్నావు. సగం చెక్కిన దాన్ని పొయ్యిలో పెట్టాను. నువ్వు చలి కాచుకున్నావు."

అతనికి గుర్తుంది. ఆమె చెప్పేదాకా మరిచిపోయాడు, చెప్పగానే అంతా గుర్తొచ్చింది. లైల్ వెళ్ళిపోయినా అతని చేతిపనినే ఎమిల్ తలుచుకుని మురిసిపోయే రోజులవి. ఇంట్లో తనకన్నా చక్కటి చెయ్యి ఇంకొకటి ఉందంటే అప్పటి ఆర్విడ్ తట్టుకోలేకపోయాడు. అసూయ పడింది లైల్ ఒక్కడి మీదే కాదు, పెళ్ళాం మీద కూడానన్నమాట.

"కుళ్ళుబోతువి," అంది మార్వా, కానీ మునుపటంత గట్టిగా కాదు. "అతని పని చేసి పెట్టు. పని బాగుండకపోతే నీతో మాట్లాడను. అంతే."

ఆ మధ్యాహ్నమే అతను లేత్ ముందు నిలబడ్డాడు. ముందు గురి చూసే ముక్కను వెనక్కి జరిపి కూర్చోబెట్టాడు. రంధ్రంలోంచి చూసుకుంటూ, గొట్టాన్ని తిప్పి తిప్పి, కొలత సాధనం మీది ముల్లు వణకడం ఆగేదాకా సరిచేశాడు. ఒక్కో పొర తీస్తున్నప్పుడు మార్వా దీపం పట్టుకుని పక్కనే నిలబడింది. ఆఖరున సైలెన్సర్ తిప్పితే మెత్తగా ఎక్కింది. మార్వా దానిలోంచి కిటికీకేసి చూసి, "సరిగ్గా మధ్యలో ఉంది," అంది. తండ్రి గొంతులోని తీర్పు ఆమె గొంతులో వినిపించింది.

లైల్ వచ్చినప్పుడు ఆర్విడ్ అతన్ని కూర్చోబెట్టి, కుడిచెవి పక్కకు వెళ్ళి గట్టిగానే చెప్పాడు. "గొట్టం పలచగా లేదు. నేను అబద్ధమాడాను. పిడి లోపల రాసింది చదివి కడుపు మండి అలా చెప్పాను."

లైల్ గడ్డం గోక్కున్నాడు. "కొండ అవతలకి ఇన్నేళ్ళు ఎందుకు వెళ్ళాననుకున్నావు? అక్కడ పని బాగుంటుందనా? ఆ ముసలాయనకి స్క్రూ తిప్పడం సరిగ్గా రాదు! నిన్ను ఈ బల్ల వెనక, ఆమెను ఆ కిటికీ పక్కన చూడలేక వెళ్ళాను. నాది నీకన్నా పెద్ద కుళ్ళు, మిత్రమా. కాకపోతే నా తప్పు వల్ల వచ్చింది కనుక నోరు మూసుకున్నాను."

"రాకపోవడానికి కారణమేంటి?" అని ఆర్విడ్ అడిగాడు.

"భయం. ఇల్లు, కొట్టు, రోజూ పొద్దున్నే అదే గోడ. పారిపోయాను. వెనక్కి వచ్చేసరికి మీ పెళ్ళి కేకు కూడా అయిపోయింది. ఒక్క ముక్క ఉంచలేదు మీరు."

కొట్టు వెనక ఇసుక దిబ్బ దగ్గర పేల్చి చూశారు. మొదటి దెబ్బ మార్వా వేసింది. పుస్తకం మూసినంత చప్పుడు. దిబ్బమీద డబ్బా దొర్లింది. ట్రక్కులో పడుకున్న కుక్క తలెత్తలేదు. లైల్ పిస్తోలు తీసుకుని ఐదుసార్లు పేల్చి, కుడిచెవి మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. "మోత లేదు," అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. చలిగాలి అని చెప్పాడు.

మార్వా అతన్ని భోజనానికి ఉండమంది. ఎల్క్ జింక మాంసం, బంగాళాదుంపలు. తింటున్నంతసేపూ వాళ్ళిద్దరూ ఎమిల్ కబుర్లు చెప్పుకుని నవ్వారు. ఆ నవ్వు ఆర్విడ్‌కి గుచ్చుకుంది. ఒక్కరోజులో పోయేది కాదది. అయినా దుంపల గిన్నె లైల్ వైపు జరిపాడు. వారం తిరక్కుండా మార్వా బల్లమీది డబ్బాలన్నీ తీసి షెడ్డులో పెట్టాడు. ఆమె తన పాత ఉలులు నూరుకుంది.

ఆ పైన లైల్ రెండు శనివారాలకోసారి వచ్చి వెళ్ళేవాడు. ఆర్విడ్‌కి అతనంటే ఇష్టం పుట్టిందని చెప్పలేం. వచ్చినప్పుడు గడియారం వంక చూడటం మాత్రం తగ్గింది.

డిసెంబరులో మంచు బాగా పడింది. లైల్ మూడు వారాలు రాలేదు. ఒక పొద్దున్న ఆర్విడ్ మంచులో జారకుండా టైర్లకు గొలుసులు బిగిస్తుంటే మార్వా గుమ్మంలోకి వచ్చింది. "ఎక్కడికి?"

"ఊరికే. పైన రోడ్డెలా ఉందో చూసొస్తాను."

గంటన్నర పట్టింది కొండ ఎక్కడానికి. లైల్ తన గుడిసె ముందు చొక్కా చేతులు మడిచి కట్టెలు కొడుతున్నాడు. కుక్క మొరిగాక గానీ వెనక్కి తిరగలేదు.

"మార్వా పంపిందా?" అన్నాడు.

"లేదు. నేనే వచ్చాను."

లైల్ అతన్ని ఎగాదిగా చూశాడు. "అయితే ఊరికే నిలబడతావేం? ఆ కొట్టినవి తీసుకెళ్ళి గోడ పక్కన పేర్చు. వంకరగా పేర్చావో, ఊరంతా చెప్తాను."

ఆర్విడ్ చేతి తొడుగులు వేసుకుని మధ్యాహ్నం దాకా పేర్చాడు.