బావ మాడ్చిన మూకుడు

ఆ వంటల పత్రికకు ఒకటే నియమం. ఎంతటి మొనగాడు రాసిన వంటకమైనా సరే, సంపాదకురాలి బావ దాన్ని చదివి, ఎవరినీ అడగకుండా, తన ఇంటి స్టవ్ మీద వండి తినగలిగితేనే అచ్చుకు వెళ్తుంది. బావ బస్సు డ్రైవరు. ఉప్పుకీ పంచదారకీ తేడా నాలుక మీద వేసుకుంటే గానీ తెలియని మహానుభావుడు. ఆయన చేతిలో నెగ్గిన వంటకం ఎవరి చేతిలోనైనా నెగ్గుతుందని ఆమె ధీమా. ఆ ధీమాతోనే ఏ కంపెనీ అండా లేకుండా, ఇంటి ముందు గదిలో పత్రిక నడుపుతోంది.

ఈసారి వచ్చింది టీవీలో పేరు మోసిన వంటమాస్టరు రాసిన ఉల్లిపాయల సూపు. శీర్షిక ‘అరగంటలో విందు’. ఆయన బొమ్మ అట్ట మీద వేస్తేనే తన షాపులన్నిటిలో పత్రిక పెడతానని పుస్తకాల షాపుల యజమాని కబురు పెట్టాడు. అది జరగకపోతే ఇదే ఆఖరి సంచిక. ఆ సంగతి బావకీ తెలుసు.

బావ మూకుడు మాడ్చాడు. మర్నాడు మళ్లీ మాడ్చాడు. మూడోసారి ఆ మూకుడు తెచ్చి ఆమె బల్ల మీద పెట్టి, తల దించుకున్నాడు.

“పది నిమిషాల్లో తేనె రంగుకి రావాలని రాశాడు మరదలా. రాకపోతే మంట పెంచాను. నాకు చేతకాదులే. నా వల్ల నీ పత్రిక ఆగిపోతే మీ అక్క నన్ను బతకనివ్వదు.”

ఆమెకు ఒళ్లు మండింది, బావ మీద కాదు. పెళ్లయిన కొత్తలో తనూ ఒక పుస్తకం చూసి వండి, మాడ్చి, చుట్టాలందరి ముందు ‘నాకు చేతకాదు’ అనే అంది. చాలా ఏళ్లు ఆ మాటే నమ్మింది కూడా. లేచి ఉల్లిపాయలు తరిగి సన్నమంట మీద పెట్టింది. తేనె రంగు రావడానికి గంట పట్టింది.

వెంటనే వంటమాస్టరుకు ఫోన్ చేసింది.

“పది నిమిషాలు తీసేసి గంట అని రాద్దామండీ.”

“మరి అరగంటలో విందు ఏమైపోవాలి? ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది మేడం. మీ బావకి వంట రాదు.”

“రాదు. మీకొచ్చు కదా, మీ ఇంట్లో పది నిమిషాల్లో వేగుతాయా?”

ఆయన మాట మార్చాడు. “గంట అంటే ఎవరు వండుతారండీ? జనానికి కాస్త ఆశ చూపించాలి.”

“మీరు ఆశ చూపిస్తారు, మాడ్చుకున్నవాళ్లు తప్పు తమదే అనుకుని ఏడుస్తారు. మీ వంటకమూ వద్దు, మీ బొమ్మా వద్దు.”

షాపుల యజమానికీ ఆ మాటే చెప్పింది. చేతికందినదాన్ని కాలదన్నుకుంటున్నారమ్మా అన్నాడాయన. కాలు నాదేగా అంది.

ప్రెస్సు నుంచి కట్టలు వచ్చాయి. బావ ఒకటి విప్పి కెవ్వుమన్నాడు. అట్ట నిండా తన మాడిన మూకుడు!

“పరువు తీశావు కదే!”

“కింద చదువు బావా.”

కింద పెద్ద అక్షరాల్లో ఉంది: ‘ఉల్లిపాయలు పది నిమిషాల్లో వేగవు. తప్పు మా బావది కాదు.’

బావ అది రెండుసార్లు చదివాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“షాపులవాళ్లు పెట్టుకోరుగా?”

“పెట్టుకోరు.”

“మొదటిది మీ అక్కకి. మూడు రోజుల నుంచి నన్నే తిడుతోంది.” ఒక కట్ట భుజానికెత్తుకున్నాడు. “మిగతావి నా బస్సెక్కిస్తా. ఎవడు దింపుతాడో చూద్దాం.”