బదులుకు పిలుపు

చేటలో కందిపప్పు పోసుకుని నేను రాళ్ళు ఏరుతుంటే, పెద్దమ్మ స్టవ్ ముందు నిలబడి చిట్టెమ్మత్తకు ఏడవడం నేర్పుతోంది.

"గొంతు జరంత వణకాలె వదినె. కొంగు కండ్లకద్దుకోవాలె. నువ్వేమో కలెక్టర్ లెక్క నిలబడ్తున్నవ్."

చిట్టెమ్మత్త కొంగు అందుకుని కళ్ళకు అద్దుకుంది. అంతలోనే నవ్వొచ్చి అదే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పేపరు వెనక నుంచి పెదనాన్న, ఆమె ఏడుస్తుంటే ప్యానెలోళ్ళు పడి పడి నవ్వుతరని అన్నాడు.

చిట్టెమ్మత్త మా ఊరి మహిళా సంఘానికి పెద్ద. మా ఊళ్ళో కందులు బాగా పండుతాయి. సంఘం ఆడవాళ్ళు వాటిని ఇసుర్రాళ్ళ మీద పప్పు చేసి అమ్ముతారు. అరచేతులు బొబ్బలెక్కుతాయి, పప్పులో చాలా భాగం నూకవుతుంది. ఒక చిన్న పప్పుమిల్లు ఉంటే బాగుండునని వాళ్ళు ఎప్పటినుంచో అనుకుంటున్నారు. పల్లె సంఘాలకు నిధులిచ్చే ఒక సంస్థ, నేను సోషల్ వర్క్ చదివే యూనివర్సిటీలోనే శిక్షణ పెడుతోందని తెలిసి నేనే ఊరికి ఫోన్ చేశాను. శిక్షణ చివర ప్రతి సంఘం ప్యానెల్ ముందు నిలబడి తమకేం కావాలో, ఎందుకు కావాలో చెప్పాలి. అలా వచ్చింది చిట్టెమ్మత్త, తార్నాకలో పెద్దమ్మ వాళ్ళ రెండు గదుల ఇంటికి.

ఆ రోజు పొద్దున క్యాంపస్‌లో రిహార్సల్ జరిగింది. మా ఊరికి కాలువ అవతలి ఊరి సంఘం నుంచి నవనీత వచ్చింది. ఆమె అడిగేదీ పప్పుమిల్లే. ఎండిన బోర్ల గురించి, సున్నపు బట్టీలకు వలసపోయిన కుటుంబాల గురించి ఆమె చెబుతుంటే హాలు నిశ్శబ్దమైపోయింది. చెప్పినవన్నీ నిజాలే. తర్వాత చిట్టెమ్మత్త లేచింది. మీ ఊళ్ళో సమస్య ఏంటని శిక్షణ ఇచ్చే సుదర్శన్ సార్ అడిగాడు.

"మాకేం తక్కువ సార్? అందరం మంచిగున్నం. ఒకసారి రాండ్రి, కోడి కోస్తం."

హాలంతా నవ్వింది. సుదర్శన్ సార్ మాత్రం నవ్వలేదు. మంచిగుంటే మిల్లెందుకిస్తారమ్మా అని అడిగి, రేపు ప్యానెల్ ముందు ఇలా చెప్పవద్దని బతిమాలాడు.

మా ఊరివాళ్ళు ఇంతే. బయటివాళ్ళ ముందు లేమి చెప్పుకోరు. ఒకసారి కరువు చూడడానికి అధికారులొస్తే ఇంటింటి నుంచి కుర్చీలు మోసుకొచ్చి వేశారు, పట్టుచీరలు కట్టుకుని ఎదురెళ్ళారు, కూరలో నెయ్యి తేలేలా వండిపెట్టారు. తిన్నవాళ్ళు మా ఊళ్ళో కరువు లేదని రాసుకుని వెళ్ళిపోయారు. ఆ సంగతి ఇప్పటికీ ఊళ్ళో నవ్వుతూ చెప్పుకుంటారు గానీ, ఈసారి ఎవరైనా వచ్చినా కోడిని కోయకుండా ఉండరు.

పెద్దమ్మ మళ్ళీ మొదలుపెట్టబోతే చిట్టెమ్మత్త కొంగు వదిలేసింది.

"నాతోని కాదు వదినె. పరాయోళ్ళ ముందట చెయ్యి చాపి, మల్ల ఊర్ల మొఖమెట్ల చూపియ్యాలె?"

నేను పప్పు ఏరుతూ చిన్నప్పటి సంగతి తలుచుకున్నాను. బడికి చేల మీదుగా నడిచి వెళ్ళేదాన్ని. చిట్టెమ్మత్త గట్టు మీద నిలబడి, అవతలి చేలో ఉన్నవాళ్ళను రేపు మా చేనుకు బదులుకు రమ్మని కేకేసేది. ఇవాళ నువ్వు నా చేలో పని చేస్తే రేపు నేను నీ చేలో చేస్తాను. కూలి లేదు, లెక్క లేదు. అదే బదులు. ఆ కేకలో ఎప్పుడూ తడబాటు వినలేదు నేను.

"అత్తా, బదులుకు పిలిచేటప్పుడు సిగ్గయితదా నీకు?"

"దానికి సిగ్గేంది? మనం గూడ పోతం గదా."

"వీళ్ళను గూడ గట్లనే పిలువు."

ఆమె నా వైపు అలాగే చూసింది. పెద్దమ్మ గరిటె తిప్పడం ఆపింది.

"వాళ్ళకు మనమేం బదులు పోతం బిడ్డా?" అంది చిట్టెమ్మత్త.

అది నాకూ తెలియదన్నాను. ఆమె చేట తన ముందుకు లాక్కుని నాతో పాటు రాళ్ళు ఏరసాగింది. పప్పు కుక్కర్లో పడేసరికి ఆమెకు తెలిసింది.

మర్నాడు చిట్టెమ్మత్త తన చీరల్లోకల్లా మంచిది కట్టుకుని ప్యానెల్ ముందుకు వెళ్ళింది. నేను హాలు వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను. ప్యానెల్‌లో మధ్యన కూర్చున్న మేడమ్ కష్టాల గురించే అడిగింది.

"కష్టం చెప్పుకోనికి రాలే మేడమ్. మిమ్ములను బదులుకు పిలువనికి వచ్చిన. మిల్లు మీరు పెట్టుండ్రి. ఏ ఊరి ఆడోళ్ళకు ఈ పని నేర్పాలన్నా మా ఊరికి పంపుండ్రి. నేర్పుడు మాది, తిండి మాది, పండుకోను జాగా మాది. అది మా బదులు."

మిల్లు నడపడం మీకే రాదు కదా, ఎలా నేర్పుతారని మేడమ్ అడిగింది.

"నేర్సుకుంటం. ఈ ట్రైనింగులన్ని దానికేనంటిరి గదా."

మిల్లు చెడిపోతే ఏం చేస్తారని పక్కనున్నాయన అడిగాడు. బాగయ్యేదాకా ఇసుర్రాళ్ళున్నాయని, ఊరికే కూర్చోవడం మాత్రం తమకు అలవాటు లేదని చెప్పింది. ఈసారి ప్యానెలే నవ్వింది. అది నిన్నటి నవ్వు కాదు.

తర్వాతి రోజు పొద్దున్నే, మేం ఉప్మా తింటుండగా సుదర్శన్ సార్ ఫోన్ చేశాడు. అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టాను. మిల్లు మా ఊరికే ఇస్తున్నారు. అయితే ఒక షరతు. ఏ ఊరివాళ్ళకైనా నేర్పుతామన్నారు కదా, ముందు నవనీత వాళ్ళ సంఘానికి నేర్పాలి. వాళ్ళ కందులూ ఆ మిల్లులోనే ఆడించాలి. అందుకు ఆ సంఘం ఒప్పుకున్నట్టు వారంలోగా రాయించి పంపాలి. లేకపోతే మిల్లు వేరే జిల్లాకు పోతుంది.

పెద్దమ్మ సంతోషంతో చిట్టెమ్మత్త పళ్ళెంలో ఇంకో గరిటెడు ఉప్మా వేసింది. చిట్టెమ్మత్త ముట్టుకోలేదు. ఎందుకో నాకు తెలుసు. నిరుడు నవనీత వాళ్ళు కాలువ దాటి వచ్చి మా వాళ్ళ కందులు కోసిపెట్టారు. వాళ్ళ వంతు వచ్చేసరికి మా ఊళ్ళో పత్తి కొనేవాడొచ్చాడు. అందరూ పత్తి తీయడంలో పడ్డారు, బదులుకు పోలేదు. చిట్టెమ్మత్తా పోలేదు. అప్పటినుంచి రెండు సంఘాలకూ మాటల్లేవు. శిక్షణ జరిగిన అన్ని రోజులూ నవనీత ఒకే హాల్లో ఉండి కూడా ఈమెను పలకరించలేదు.

పెద్దమ్మ సలహాలు మొదలుపెట్టింది. ఫోన్ చేసి మంచిగా మాట్లాడమంది. ఊరి పెద్దమనుషుల చేత చెప్పించమంది. మిల్లు వద్దనేవాళ్ళు ఎవరుంటారు, వాళ్ళే దిగొస్తారంది. చిట్టెమ్మత్త అన్నీ వింటూ చెయ్యి కడుక్కుంది. తర్వాత ఊరికి ఫోన్ చేసింది, సంఘంలోని కరుణ తీసినట్టుంది.

"కాలువవతల కంది కోతలు షురువైనయా?" అని అడిగింది. అవతల ఏం చెప్పారో విని, "రేపు పొద్దుగాల అందరు కొడవండ్లు పట్టుకొని కాలువ కాడికి రాండ్రి. మిల్లు ముచ్చట ఎవ్వరు తియ్యొద్దు. ముందుగాల కోత అయిపోవాలె" అంది.

కరుణ ఏదో అడుగుతుండగానే ఫోన్ పెట్టేసింది. నవనీత వాళ్ళ చేత సంతకాలు చేయించాల్సిన ఒప్పుదల కాగితం నేను రాసి ఇవ్వబోతే, మడిచి మళ్ళీ నా చేతిలోనే పెట్టింది. ప్యానెల్‌కు కట్టుకున్న మంచి చీర మడిచి సంచీలో పెట్టి, చేలోకి కట్టే పాత చీర కట్టుకుంది. పెద్దమ్మ ఇంకా మాట్లాడుతూనే ఉంది, నవనీతకు నేనే చెబుతా నంబరియ్యి అంటోంది. చిట్టెమ్మత్త సంచీ భుజాన వేసుకుని, గడప దగ్గర చెప్పుల్లో కాళ్ళు పెట్టి, మెట్లు దిగి బస్టాపు వైపు వెళ్ళిపోయింది.