స్టీరింగుకు పూసిన జీడి నూనె

వాసన ముందు వస్తుంది.

పొగ తరవాత కనిపిస్తుంది.

పలాసలో జీడిపిక్కలు కాల్చే రోజుల్లో అంతే... గాలి ఇటు తిరిగిందంటే చాలు, నందిగాం దాకా వాసన. కమ్మగా మొదలై, చివర్లో గొంతులో గరగరలాడుతుంది. ఆ వాసన వచ్చినప్పుడల్లా వైకుంఠరావు తన చేతులకేసి చూసుకుంటాడు.

తెల్లటి చేతులు. మచ్చ లేని చేతులు.

చూసుకుని, లాల్చీ జేబుల్లో పెట్టుకుంటాడు.

పెరటి సావిట్లో కారు ఉంది. ఎర్ర కారు. రెండే సీట్లు. పైన కప్పు లేదు. ముక్కు పొడుగు, తోక పొట్టి — పరుగు కోసమే పుట్టిన బండి. వైకుంఠరావు తండ్రి గణపతిరావు దాన్ని బరంపురంలో కొన్నాడు, ఉద్యోగం చాలించుకుని ఇంగ్లండు సీమకి పోతున్న ఒక రైలు దొర దగ్గర. దొరగారి చేతి తొడుగులు కూడా బండితోపాటే వచ్చాయి. మేకతోలువి. వెన్నలా మెత్తనివి.

గణపతిరావు వాటిని ఒక్కనాడూ తొడుక్కోలేదు. బండిని పట్టుకోవాలి గానీ, ముట్టుకోకుండా నడపడమేమిటని నవ్వి, సీటు పక్క అరలో పడేశాడు.

నడిపింది గణపతిరావు. టెక్కలి నుంచి బారువ దాకా, జీడితోటల మధ్య, ఎర్రటి దుమ్ము లేపుకుంటూ... ఎడ్లబళ్ళు పక్కకి తప్పుకునేవి, జనం తిట్టుకుంటూనే నిలబడి చూసేవారు.

నడిపింది గణపతిరావు. బతికించింది జోగారావు.

జోగారావు టెక్కలి బియ్యం మిల్లులో ఇంజను చూసుకునేవాడు. గణపతిరావు పిలిపించాడు, వచ్చాడు, ఇంక వెళ్ళలేదు. యుద్ధం రోజుల్లో సామాన్లు రాక పెద్దపెద్దవాళ్ళ కార్లే మూలపడ్డాయి. ఇతను రేకు కోసి, తోలు కోసి, కొబ్బరి పీచు కుక్కి, ఆ బండిని నిలబెట్టాడు. చప్పుడు విని జబ్బు చెప్పేవాడు. చెవి ఆనించక్కర్లేదు, వీధి మలుపులో వినపడితే చాలు.

స్టీరింగు మాత్రం వేరే లెక్క.

అది కర్రది. ఉప్పుగాలికి కర్ర పగులుతుంది. అందుకని ఏటేటా వేసవిలో నలభై రోజులు జోగారావు దానికి అవిసె నూనె పట్టించేవాడు. గుడ్డతో కాదు, కుంచెతో కాదు. అరచేత్తో. ఉత్త అరచేత్తో, కర్ర వేడెక్కేదాకా.

"గుడ్డతో రాత్తే నూని కర్ర మీదుంటాది బాబూ," అనేవాడు. "సేత్తో రాత్తే కర్రలోకెల్తాది."

గణపతిరావు పోయాడు. బండి వైకుంఠరావుకి వచ్చింది.

వచ్చిందని కాగితాల మీద ఉంది. బండికి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. అతను విజయనగరంలో మేనమామ ఇంట పెరిగినవాడు, మద్రాసులో చదివినవాడు, ముప్పయ్యో ఏట ఇంటికి వచ్చినవాడు. అతను వేస్తే రెండో గేరు ఎముక కొరికినట్టు కొరికేది. జోగారావు వేస్తే వేసినట్టే తెలిసేది కాదు. తొడుగులు మాత్రం వైకుంఠరావు చేతులకి కొలిచి కుట్టినట్టు సరిపోయాయి. వాటిని తొడుక్కోకుండా అతను బండి ఎక్కేవాడు కాదు.

ఊళ్ళో అందరూ దాన్ని జోగారావు బండి అనేవారు.

జోగారావు బండి వస్తోంది. జోగారావు బండి పోతోంది.

లోపల కూర్చున్నది వైకుంఠరావు అయినా సరే... జోగారావు బండే.

ఈ మాట అతన్ని ముల్లులా గుచ్చేది. చిన్న ముల్లే. చిన్న ముల్లే ఎక్కువ సతాయిస్తుంది కదా, కనపడదు, తీయడానికి దొరకదు. ఈ బండికి తన చేత్తో ఒక్క పని చేయాలి. జోగారావుకి తెలియని పని. చూసినవాళ్ళు, ఓహో ఇది వైకుంఠరావు చేశాడా అనాలి.

ఆంధ్ర రాష్ట్రం వచ్చాక రెండో వేసవి అది. పని మీద బారువ వెళ్ళి, ఒడ్డున పడవలు చూశాడు. నల్లగా, నిగనిగలాడుతూ, ఉప్పునీళ్ళలో ఏళ్ళ తరబడి నానినా చెక్కు చెదరని పడవలు.

"ఏం రాస్తారు వీటికి?" అని అడిగాడు.

"జీడి నూనండి," అన్నాడు పడవవాడు.

అంతే. ఎలా కాస్తారు, ఎన్నాళ్ళు ఆరనిస్తారు — అడగలేదు. పడవవాడు చెప్పలేదు. అతను మాత్రం ఎందుకు చెబుతాడు? జీడిపిక్క పైతోలులోని పచ్చినూనె తగిలితే ఒళ్ళు బొబ్బలెక్కుతుందని ఈ జీడితోటల ఉద్దానంలో పాకే పిల్లకి కూడా తెలుసు. జీడితోటలున్న ఆసామికి ఆ మాట చెప్పడమంటే, అయ్యా, నిప్పు కాలుతుంది, జాగ్రత్త అని చెప్పడమే. పలాసలో పిక్కలు కాల్చేచోటి నుంచి ముంతెడు పచ్చినూనె తెప్పిస్తే, వాళ్ళూ ఏమీ చెప్పలేదు. పడవకే కాబోలు అనుకున్నారు.

జోగారావు కూతురిని చూడడానికి సంతబొమ్మాళి వెళ్ళిన రెండు రోజులూ చూసుకుని, వైకుంఠరావు సావిడి తలుపు వేసుకున్నాడు.

పుల్లకి గుడ్డ చుట్టాడు. ముంతలో ముంచాడు. పూశాడు.

ఎంత బాగుందో.

తేనె రంగు కర్ర నల్లబడింది. పగుళ్ళు పూడిపోయాయి. కిటికీ వెలుగు దాని మీద జారింది. రెండో పూట మరోసారి పూశాడు. పైకి ఆరినట్టే ఉంది. తొడుగులు వేసుకుని పట్టుకుని చూశాడు. దిట్టంగా ఉంది.

జీవితంలో మొదటిసారి ఆ బండి తనదనిపించింది.

మర్నాడే మేనమామ సోమేశ్వరరావు వచ్చాడు. బారువలో గ్రంథాలయం తెరిచే సభ. ఆయన అధ్యక్షుడు. ఎర్ర కారులో దిగాలి.

"నువ్వొద్దురా వైకుంఠం," అన్నాడాయన, "నీ గేర్లతో నా నడుం విరుగుతుంది. జోగారావుని పిలు."

సంతబొమ్మాళి నుంచి అప్పుడే వచ్చిన జోగారావు కాళ్ళు కడుక్కుని, బండెక్కాడు. సోమేశ్వరరావు పక్కన కూర్చున్నాడు. నలుగురు చేరారు.

జోగారావు చేతులు చాపాడు.

చేతులు ఆగాయి.

స్టీరింగుకి బెత్తెడు దూరంలో, గాలిలో, ఆగాయి. అతను కొద్దిగా వంగాడు. మళ్ళీ నిటారుగా కూర్చున్నాడు. తల ఎత్తి, గుమ్మంలో నిలబడ్డ వైకుంఠరావుకేసి ఒక్కసారి చూశాడు.

మెచ్చుకుంటున్నాడు అనుకున్నాడు వైకుంఠరావు.

అవును... మెచ్చుకుంటున్నాడనే అనుకున్నాడు. నవ్వాడు కూడా. చెయ్యి ఊపాడు కూడా.

"ఏటి, కదలవేటి?" అన్నాడు సోమేశ్వరరావు.

జోగారావు స్టీరింగు పట్టుకున్నాడు. ఉత్త అరచేతులతో. రెండో గేరు చప్పుడు లేకుండా పడింది.

పలాస మీదుగా బారువకి పాతిక మైళ్ళ పైమాటే. మళ్ళీ వెనక్కి అంతే. నడినెత్తిన ఎండ. చెమట పట్టే చేతులు.

మర్నాటి ఉదయానికి ఆ చేతులు చేతుల్లా లేవు.

బూరెల్లా పొంగాయి. అరచేతుల నిండా బొబ్బలు. వేళ్ళ సందులు పచ్చిపుండు. జోగారావు వాటిని అరటాకులో పెట్టుకుని, ఎవరివో మోసుకొచ్చినట్టు మోసుకొచ్చి, అరుగు కింద నిలబడ్డాడు. చూడగానే అందరికీ తెలిసింది. ఇది జీడి నూనె. ఒక్క వైకుంఠరావుకే తెలియలేదు — అందరూ అన్నాక తెలిసింది.

సోమేశ్వరరావు కుర్చీలో ముందుకి వంగాడు.

"బండికి పచ్చి జీడి నూనె రాసిన వెధవ ఎవడురా?"

అరుగు మీద నలుగురు పెద్దమనుషులు. గుమ్మంలో తల్లి మంగాదేవి. వైకుంఠరావు నోరు తెరిచాడు. నేనే అనాలి. రెండే అక్షరాలు. అవి అంటే ఇంక ఉద్దానమంతా నవ్వుతుంది. జీడితోటల ఆసామికి జీడి నూనె తెలియదట... గణపతిరావు కొడుకట... మద్రాసులో చదివాడట...

చేతులు లాల్చీ జేబుల్లో పెట్టుకున్నాడు.

"నానే బాబూ," అన్నాడు జోగారావు.

అందరూ అటు చూశారు. అతను ఎవరినీ చూడలేదు. అరటాకునే చూస్తున్నాడు.

"వొయసైపోనాది. అవిసి నూననుకోని, ఇది రాసీసినాను."

ఎవరో నవ్వారు. సోమేశ్వరరావు కూడా నవ్వాడు, జాలిగానే. "ముసిలోడికి బుర్ర పోయింది. ఇంక బండి ముట్టుకోనివ్వకు వైకుంఠం. ఈసారి బ్రేకులో ఏం పోస్తాడో."

అప్పుడైనా అనొచ్చు.

ఇప్పటికీ వైకుంఠరావు ఆ క్షణం దగ్గరికి వెళ్ళి నిలబడతాడు. అరుగు. ఎండ. అరటాకు. అప్పుడైనా అనొచ్చు.

"సరే మావయ్యా," అన్నాడు.

సరే అన్నాడు.

సిగ్గుతో చచ్చిపోతారని అంటారు. చావరు. భోజనం చేస్తారు, కునుకు తీస్తారు, సాయంత్రం కాఫీ తాగుతారు.

జోగారావు ఇంక రాలేదు. వైకుంఠరావే బండి చూసుకోవడం నేర్చుకున్నాడు. ప్లగ్గులు విప్పాడు, గీకాడు, బిగించాడు. రేకు తుప్పు వదిలించాడు. పగిలిన సీటుకి కొత్త తోలు వేయించాడు. కింద పడుకుని, కంట్లో మడ్డి నూనె పడుతుంటే, మొండిగా. అన్నీ తొడుగులతోనే. గాజుపెంకుతో స్టీరింగు గీకాడు, రోజుల తరబడి గీకాడు. పైపొర వచ్చింది. నలుపు రాలేదు. నలుపు కర్రలోకి వెళ్ళిపోయింది.

రెండేళ్ళు.

ఇప్పుడు దాన్ని వైకుంఠరావుగారి బండి అంటున్నారు. తండ్రికి తగ్గ కొడుకు, తండ్రి సొత్తుని కళ్ళకద్దుకుని కాపాడుతున్నాడు అంటున్నారు. కోరుకున్న మాటే. వచ్చింది. విన్నప్పుడల్లా అన్నం సహించదు.

ఈ వేసవిలో ఒక ఉదయం, ఇంక ఉండలేక, బయల్దేరాడు.

చెబుతాను. ఆనాడు అరుగు మీద అనలేని మాట చెబుతాను. ముందు అతనికి చెబుతాను, ఆ తరవాత అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని విజయనగరం వెళ్ళి మావయ్యకి చెబుతాను. దారి పొడుగునా మాటలు కూడబలుక్కున్నాడు. జోగారావు ఊరు తోటల అంచున ఉంది. బండిని రోడ్డు మీదే, జీడిచెట్ల నీడలో ఆపాడు. ఇసక దారి, చక్రాలు దిగబడతాయి అనుకున్నాడు. అది అబద్ధమని అతనికే తెలుసు. ఆ బండిని ఆ గుమ్మం ముందు నిలపడానికి మొహం చెల్లలేదు.

జోగారావు ఇంటి ముందు పంచలో కూర్చుని ఉన్నాడు. పక్కన పీచు. తాడు పేనుతున్నది మాత్రం అతని భార్య సూరమ్మ.

అతని చేతులు ఒళ్ళో ఉన్నాయి. కొత్త తోలు వచ్చింది, పలచగా, గులాబీ రంగులో, ముసలి చేతులకి పసిపిల్ల తోలు. కుడిచేతి రెండు వేళ్ళు ముడుచుకునే ఉన్నాయి. చీము పట్టి మానాయట. చాపుకోవట.

"కూకోండి సిన్నబాబూ."

కూర్చున్నాడు. తొడుగులున్న చేతులు వెనక్కి దాచుకున్నాడు.

"జోగారావూ..."

"రొండో గేరు ఇంకా కొరుకుతున్నాది," అన్నాడు జోగారావు. ఆ మొహం వెలిగింది. "మలుపు కాడ ఇన్నాను. కేబురేటర్లో కూడా ఏదో అడ్డినట్టున్నాది. ఓపాలి ఇలగ తెచ్చీండి బాబూ. నాను ముట్టుకోను. సప్పుడినీసి సెప్తాను, మీరే విప్పుకుందురు."

నాను ముట్టుకోను.

దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ ఎక్కడికో పోయాయి. నోరు తెరిచాడు. రెండక్షరాలు. అవే రెండక్షరాలు...

"తెస్తాను," అన్నాడు.

లేచాడు.

సూరమ్మ దారి మొదలు దాకా వచ్చింది. చేతిలో పీచు తాడు అలాగే ఉంది. అతనికేసి చూడకుండా, తాటిచెట్టుకి చెబుతున్నట్టు చెప్పింది.

"బండెక్కినప్పుడే వోసన పట్టీసినాడు బాబూ."

అతను ఆగిపోయాడు.

"ఎందుకు పట్టుకున్నావయ్యా అనడిగాను. మరేటి సేత్తాను, పక్కన మీ మావయ్యగోరు కూకున్నారు, సుట్టూ జనం... సిన్నబాబు గుమ్మంలో నవ్వుతున్నాడు అన్నాడు. నవ్వుతున్నాడే, ఎలగ సెప్తాను అన్నాడు."

ఆమె వెనక్కి వెళ్ళిపోయింది. గొంతులో కోపం లేదు. ఉంటే ఎంత బాగుండును.

ఆ రోజు గాలిలో ఆగిన చేతులు. ఆ చూపు. మెచ్చుకోలు కాదు. అడిగాడు. చెప్పమంటావా, పట్టుకోమంటావా అని అడిగాడు. తను చెయ్యి ఊపాడు.

వైకుంఠరావు బండెక్కాడు. ఇంజను వేశాడు. నల్లటి స్టీరింగు ఎండకి మెరుస్తోంది.

తొడుగులు తీశాడు. ఒకటి... రెండోది.

రెండు చేతులా పట్టుకున్నాడు. ఉత్త అరచేతులతో, వేళ్ళు తెల్లబడేలా, కర్ర వేడెక్కేలా. కాలాలి అనుకున్నాడు. కాలితే బాగుండును. బొబ్బలెక్కితే, ఆ బొబ్బలు చూపించి అయినా నోరు తెరవచ్చు.

రెండేళ్ళ నాటి నూనె. ఎప్పుడో ఆరిపోయింది. కర్ర చల్లగా, నున్నగా, ఏ పాపం ఎరగనట్టు ఉంది.

వెనక ఇసక దారి. ముందు పలాస రోడ్డు. బండి కదలడం లేదు, ఇంజను తిరుగుతూనే ఉంది.

గాలి తిరిగింది. వాసన ముందు వచ్చింది.

పొగ తరవాత కనిపించింది, తోటల మీదుగా, పలచగా...

అతను చేతులకేసి చూసుకున్నాడు. తెల్లటి చేతులు. మచ్చ లేని చేతులు.

పంచలో కూర్చుని జోగారావు ఈ చప్పుడు వింటూనే ఉంటాడు. బండి ఎందుకు కదలడం లేదో కూడా అతనికి తెలిసే ఉంటుంది.