కోడలు వేసిన తూకం

లీకుల మేస్త్రి అంటే ఆ చుట్టుపక్కల నాలుగు వీధుల్లో తెలియనివాళ్లు లేరు. నలభై ఏళ్లుగా పైపులు బిగించడమే ఆయన పని. గోడకు చెవి ఆనించి ఏ మలుపు దగ్గర నీరు కారుతోందో చెప్పేస్తాడని పేరు. ఆ పేరు కాస్త తలకెక్కిన మాట కూడా నిజమే.

కోడలు కడుపుతో ఉన్నప్పుడు స్కాన్ తీసిన డాక్టరమ్మ ఒక సంగతి చెప్పింది. బిడ్డ మూత్రం దారిలో ఒక పొర అడ్డుగా ఉందట. మూత్రం బయటికి పోలేక వెనక్కి తన్ని రెండు కిడ్నీలూ ఉబ్బాయట. ఇంట్లో అందరూ తెల్లమొహాలు వేస్తే మేస్త్రికి మాత్రం వెంటనే అర్థమైంది. కింద దారి మూసుకుపోతే దెబ్బ పైన తొట్టికే తగులుతుంది. ఆయనకు అర్థం కానిది ఒక్కటే. తన చేతి మీద వేల పైపులు ఒక్క చుక్క కారకుండా బిగిశాయి, మరి పైవాడు ఇంత చిన్న గొట్టాన్ని ఎందుకిలా వదిలేశాడు? భార్య కళ్లు మూసుకుని దండం పెట్టుకుంటున్నప్పుడు ఆ మాట నోటిదాకా వచ్చింది. మింగేసి తనూ పక్కన నిలబడి దండం పెట్టుకున్నాడు.

మనవడు పుట్టిన మూడో రోజున సన్నటి గొట్టంలోంచి కెమెరా పంపి ఆ పొరను కోసేశారు. పన్నెండో రోజున ఇంటికి పంపారు. పంపేటప్పుడు పెద్ద డాక్టరమ్మ దాపరికం లేకుండా చెప్పింది. అడ్డం తీసేశాం, కానీ కిడ్నీలకు ఎంత దెబ్బ తగిలిందో ఇప్పుడే తెలియదు. రక్తంలో క్రియాటినిన్ అని ఒకటి ఉంటుంది, కిడ్నీలు బాగా పనిచేస్తే అది తగ్గుతుంది. ఏడాది నిండేసరికి సున్నా పాయింట్ ఎనిమిది కిందకి దిగితే ధైర్యంగా ఉండొచ్చు, దిగకపోతే ముందు ముందు కష్టమే. అందాకా బిడ్డ ఎంత తాగాడో, ఎంత పోశాడో రోజూ రాయాలి.

కోడలు బిస్కెట్ల ఫ్యాక్టరీలో తూకాల దగ్గర పనిచేసేది. పెట్టె బరువు తీసేసి లోపలి సరుకు ఎంతో చూడటం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. ఇంటికి రాగానే బిడ్డ గుడ్డలన్నీ పొడిగా ఉన్నప్పుడే తూచి, ఒక్కోదాని అంచు మీద దాని బరువు చెరగని సిరాతో రాసింది. తడిసిన గుడ్డ తూచి అంచు మీది అంకె తీసేస్తే మిగిలింది మూత్రం, గ్రాముకో మిల్లీలీటరు లెక్క. ఆ పని మేస్త్రి తన మీద వేసుకున్నాడు. నోటుబుక్కు ముందువైపు ఆయన గుడ్డల లెక్క రాసేవాడు. తన పాలు పిండి కొలత సీసాతో పట్టేది కోడలు కాబట్టి, వెనకవైపు నుంచి ఆమె పాల లెక్క రాసేది.

మొదటి రోజు నాలుగువందల పది. రెండో రోజు ఐదువందల ఇరవై. మూడో రోజు ఆరువందల పది. మేస్త్రి కాళ్లు నేల మీద ఆనలేదు. పైపు సామాన్ల కొట్టుకు వెళ్లి, మావాడి లైను క్లియరయ్యా అని చెప్పొచ్చాడు. బిడ్డ బరువు మూడు రోజుల్లో నూట తొంభై గ్రాములు తగ్గిందని భార్య దిగులుపడితే, ఉబ్బిన తొట్టి ఖాళీ అయితే తేలికవదా అని కొట్టిపారేశాడు.

నాలుగో రోజు పొద్దున కోడలు నోటుబుక్కు తీసుకుని ముందు పేజీ, వెనక పేజీ మార్చి మార్చి చూసింది. చూసి మామగారి ముందుకొచ్చి నిలబడింది.

"మావయ్యా, నిన్న లోపలికెళ్లింది ఐదువందల నలభై. బయటికొచ్చింది ఆరువందల పది."

"అదేనమ్మా నేననేది. ఇన్నాళ్లూ నిలవున్న నీరు పోతోంది. పోనీ."

"నిలవ నీరైతే మొదటి రోజు ఎక్కువ పోయి తర్వాత తగ్గాలి కదా. ఇది రోజురోజుకీ పెరుగుతోంది. మీ పనిలో వచ్చేదానికన్నా పోయేది ఎక్కువైతే ఏమంటారు?"

ఆ జవాబు మేస్త్రికి తెలుసు. తొట్టి ఎండిపోతుంది. పంపు కాలిపోతుంది. ఏ కుర్రాడైనా ఈ తప్పు చేస్తే ఆయన నలుగురిలో నిలబెట్టి కడిగేసేవాడు. లేచి వెళ్లి మనవడి మాడు మీద వేలు పెట్టి చూశాడు. అక్కడ చిన్న గుంట పడి ఉంది. పెదవులు ఎండి ఉన్నాయి.

"డాక్టరమ్మ రమ్మన్నది గురువారం కదండీ" అంది భార్య.

"గురువారం దాకా ఆగే పని కాదు. పద, తాళం వెయ్యి" అన్నాడు మేస్త్రి, అప్పటికే చెప్పులేసుకుంటూ.

కొడుకు డ్యూటీలో ఉన్నాడు. ముగ్గురూ బిడ్డను పొత్తిళ్లలో చుట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తారు. వెంటనే రక్తం తీసి, సెలైన్ పెట్టారు. సాయంత్రానికి పెద్ద డాక్టరమ్మ వచ్చి విషయం చెప్పింది. చాలాకాలం ఉబ్బిన కిడ్నీలకు నీళ్లు వదలడమే తెలుసు, పట్టి ఉంచుకోవడం ఇంకా రాలేదు. ఒంట్లో నీరూ ఉప్పూ అలాగే కారిపోతున్నాయి. ఇంకో రెండు రోజులు చూసీచూడనట్టు ఉండి ఉంటే, ఉన్న కాస్త కిడ్నీ కూడా దెబ్బతినేది.

ఆమె నోటుబుక్కు అటూ ఇటూ తిప్పి, ఇది రాసిందెవరని అడిగింది. ముందు పేజీలన్నీ మేస్త్రి చేతిరాతే. ఊఁ అంటే చాలు, పేరు ఆయనదే.

"రాసింది నేనమ్మా. చదివింది మా కోడలు" అన్నాడు మేస్త్రి.

వారం తర్వాత బిడ్డ ఇంటికొచ్చాడు. రోజూ ఇంత ఉప్పు మందు, ఇన్ని నీళ్లు అని కొలతలు పెట్టారు. ఈసారి లోపలిదీ బయటిదీ ఒకే పేజీలో పక్కపక్కన రాశారు. కోడలు ఉద్యోగానికి ఏడాది సెలవు పెట్టింది. అంకెల్లో ఏ చిన్న తేడా కనిపించినా ఆమే ఆసుపత్రికి ఫోన్ చేసి అడిగేది. మేస్త్రి ఏ ఇంట్లో కుళాయి విప్పినా ఆ కోడలి కథ చెప్పందే బిగించేవాడు కాదు. ఒకరోజు సామాన్ల కొట్టాయన ఇంట్లోనూ అంతే చేస్తే, ఆయన విసుక్కున్నాడు.

"బిగించి చెప్పవయ్యా మేస్త్రీ, నీళ్లు పోతున్నాయి."

"నీళ్లు పోతే పోతాయి, విను" అన్నాడట.

ఏడాది నిండింది. రక్తపరీక్ష ఫలితం కోసం కొడుకుతో కలిపి నలుగురూ ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చున్నారు. మనవడు తాత వేలు పట్టుకుని లేచి నిలబడటం, కూలబడటం, మళ్లీ లేవడం. కౌంటరు దగ్గర పిలిస్తే కోడలు వెళ్లి కాగితం తెచ్చింది. మామగారికి ఇవ్వబోయింది.

"నువ్వే చదువమ్మా" అన్నాడు ఆయన.

"సున్నా పాయింట్ ఐదు."

మేస్త్రి భార్యకు ఆ అంకె మంచిదో చెడ్డదో తెలియలేదు. మొగుడి మొహం చూసి తెలుసుకుంది. రెండు చేతులూ జోడించి, దేవుడే కాపాడాడంది.

"కాపాడాడు, కాదనను" అన్నాడు మేస్త్రి. "ఎవరి చేత కాపాడించాడో అది కూడా చెప్పుకోవాలి కదే."

ఎడమ కిడ్నీ ఇంకా బలహీనమేనని, పెద్దయ్యేదాకా పరీక్షలు తప్పవని పెద్ద డాక్టరమ్మ ఆ రోజే చెప్పింది. కోడలు తలూపి మళ్లీ ఎప్పుడు రావాలో రాసుకుంది. మేస్త్రి మనవణ్ణి భుజాన ఎత్తుకుని, వరండాలో కూర్చున్న ముక్కూ మొహం తెలియని వాళ్లకు కోడలిని చూపించి, "మా కోడలండీ" అని చెప్పుకుంటూ నడిచాడు. ఆమె సిగ్గుతో చచ్చిపోతూ, నవ్వుతూ వెనకే వచ్చింది.