ఇంటిపేర్లు లేని ఆదివారాలు

హైటెక్ సిటీలో మనిషికి మనిషి దొరకడం అంత తేలిక కాదు. రోజూ ఒకే లిఫ్టులో పైకీ కిందికీ తిరిగేవాళ్ళం, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా నంబర్ల వంక చూస్తాం. కాకినాడ నుంచి వచ్చి హఫీజ్‌పేట్‌లో ఓ లేడీస్ హాస్టల్లో దిగిన కొత్తలో, శని ఆదివారాలు నేను నోరు విప్పేది తిండి తెచ్చినతనికి ఓటీపీ చెప్పడానికే. ఆ రోజుల్లో ఇన్‌స్టాగ్రామ్‌లో కనబడింది 'ఊరికే కలుద్దాం' అనే పేజీ. ప్రతి ఆదివారం దుర్గం చెరువు పక్కన పార్కులో కలుద్దాం, కబుర్లు చెప్పుకుందాం, ఎవరి దారిన వాళ్ళం పోదాం అని రాసి ఉంది. మోసమేమో అనుకుంటూనే వెళ్ళాను. ఏ కిడ్నీలో తీసేస్తారేమోనని మా అమ్మకి మాత్రం చెప్పి వెళ్ళాను.

ఆ పేజీ పెట్టినమ్మాయి నీహారిక. బక్కపల్చగా ఉంటుంది గానీ మాట కత్తి. వెళ్ళిన ప్రతివాళ్ళకీ ముందు రూల్స్ చెప్పేది. పేరు ఒక్క ముక్కే చెప్పాలి. ఇంటిపేరు అడగకూడదు, ఊరు అడగకూడదు, కంపెనీ అడగకూడదు. ఇళ్ళకి పిలుచుకోకూడదు. కిరాయి ఎంత అని మాత్రం అడగొచ్చు, ఎందుకంటే ఈ ఊళ్ళో ఆ బాధ అందరిదీ ఒకటే. ఈ రూల్స్ వెనక కథ తర్వాత చెప్పింది. ఫ్లాట్ చూడ్డానికి వెళ్తే ఇంటావిడ మంచినీళ్ళ గ్లాసు చేత్తో పట్టుకునే "మీరేమిట్లమ్మా" అని కులం అడిగిందట. జవాబు విన్నాక ఆ గ్లాసు మళ్ళీ వంటింట్లోకే వెళ్ళిపోయిందట.

నాకు ఆ రూల్స్ తెగ నచ్చాయి. "మీదే ఊరు" దగ్గర మొదలుపెట్టి, "అక్కడ ఫలానావాళ్ళు మీకేమవుతారు" మీదుగా "మీరేమిట్లు" దాకా మనవాళ్ళు నడిచే దారి నాకు కొట్టిన పిండే. ఆ దారి ఒక్కటి మూసేస్తే చాలు, మనుషులు మిగులుతారు అనుకున్నాను.

నిజం చెప్పాలంటే దారి మూసినా మేం కిటికీలోంచి చూసేవాళ్ళం. మాట యాసని బట్టి, తిండిని బట్టి, ఎవరు ఏ పండక్కి ఊరెళ్ళారన్నదాన్ని బట్టి లెక్కలు వేసుకునేవాళ్ళం. పైకి అడిగేవాళ్ళం కాదు, అంతే. మాలో ఓదెలు మంచిర్యాల వైపు మనిషని, ఏదో పెద్ద కంపెనీలో మేనేజరని అందరికీ తెలుసు. ఆదర్శ్ ఎవరో, ఎందుకు ఉల్లిపాయ తినడో అందరికీ తెలుసు. ఎవరికి వారు తెలివైనవాళ్ళం.

కిరణ్ దగ్గర మాత్రం ఆ లెక్క ఎవరికీ అక్కర్లేకపోయింది. 'అండి' లేకుండా మాట్లాడేవాడు కాదు. ఆదర్శ్ గుడి నుంచి తెచ్చిన పులిహోర రెండోసారి అడిగి తినేవాడు. ఓదెలు బోనాల కబుర్లు చెబుతుంటే చిన్నపిల్లాడిలా నోరు తెరుచుకుని వినేవాడు. ఎదుటివాళ్ళు చెప్పేది అంత శ్రద్ధగా వినే మనిషిని నేను మళ్ళీ చూడలేదు. అందుకే ప్రతివాళ్ళూ లోలోపల ఒకటే అనుకున్నారు: వీడు మనవాడే. నేనూ అనుకున్నాను.

ఆదివారం మీటింగు మొదట్లో పొద్దున పూట ఉండేదట. కిరణ్ వచ్చాక సాయంత్రం నాలుక్కి మారింది. పొద్దున తన వల్ల కాదండీ అన్నాడట. దాంతో వాడికి కుంభకర్ణుడని పేరు పెట్టాం. వచ్చినప్పుడు మాత్రం తెల్లచొక్కా, గంజిపెట్టి ఇస్త్రీ చేసింది, వేసుకుని వచ్చేవాడు. మేమంతా నలిగిపోయిన టీషర్టుల్లో ఉండేవాళ్ళం. "ఏంది బై, పెండ్లిచూపులకు గిట్ల పోయొచ్చినవా" అని ఓదెలు ఏడిపించేవాడు. వాడు నవ్వేవాడు. ఏ ఒక్క ఆదివారమూ మాలో ఒక్కరికీ అనుమానం రాలేదు.

నిరుడు వానాకాలంలో నాకు డెంగీ వచ్చింది. హాస్టల్ వార్డెన్ నన్ను ఆటోలో ఎక్కించి చేతులు దులుపుకుంది. అమ్మ రావడానికి టికెట్లు దొరకలేదు. ఆసుపత్రిలో రాత్రీ పగలూ తేడా తెలియకుండా పడి ఉంటే, పొద్దున్నే ఫ్లాస్కు పట్టుకుని వచ్చేవాడు కిరణ్. అందులో జావ. పలచగా, కొంచెం మజ్జిగ కలిపి, ఉప్పు సరిపోయిన జావ. తాగిందాకా కూర్చుని, నుదుటి మీద చెయ్యి వేసి చూసి, ఆఫీసుకి వెళ్ళేవాడు. ఎవరు చేశారని అడిగితే ఇంట్లో అనేవాడు. ఇంట్లో ఎవరు అని నేను అడగలేదు. రూలు రూలే కదా. అమ్మ వచ్చేదాకా నన్ను బతికించింది ఆ జావే, ఆ ఇంట్లోవాళ్ళే. వాళ్ళెవరో తెలుసుకోకుండానే లేచి తిరిగాను. వాడు నాకు అన్నయ్యో తమ్ముడో కాదు, ప్రేమా దోమా కాదు. ఈ ఊళ్ళో నా మనిషి. అంతకన్నా ఎలా చెప్పాలో నాకు తెలీదు.

ఈ జూలైలో ఒక ఆదివారం మధ్యాహ్నం, ఇవాళ వాన పడేలా ఉంది కలవాలా వద్దా అని గ్రూపులో వాదించుకుంటున్నాం. అంతలో కిరణ్ నంబరు నుంచి మెసేజి వచ్చింది. 'నేను కిరణ్ వాళ్ళ చెల్లిని. అన్నయ్య నిన్న ఉదయం బండి జారి పడి చనిపోయాడు. ఈ సాయంత్రం నాలుగు గంటలకి మూసాపేటలో అంత్యక్రియలు. ఆదివారం ఫ్రెండ్స్ అందరూ రావాలని అమ్మ అడుగుతోంది.'

దాన్ని ఎన్నిసార్లు చదివానో. ఫోన్ చేస్తే రింగయి రింగయి ఆగిపోయింది. ఓదెలు చేశాడు, నీహారిక చేసింది, ఎవరూ ఎత్తలేదు. చావింట్లో ఫోనెవరు చూస్తారు? వాడిల్లు మూసాపేటలో ఎక్కడో మాకెవరికీ తెలీదు, ఎప్పుడూ వెళ్ళలేదు. ఇల్లు వెతుక్కుంటూ కూర్చుంటే పొద్దుపోతుంది, తిన్నగా శ్మశానానికే పోదాం అన్నాడు ఆదర్శ్. అందరికీ సబబే అనిపించింది. మూసాపేట శ్మశానవాటిక అని నీహారిక ఫోనులో కొట్టింది. దారి చూపించింది. నాకు మాత్రం ఒక్కటే కావాలి. నిప్పంటించేలోపు ఒక్కసారి ఆ ముఖం చూడాలి. ఆసుపత్రిలో రోజూ చూసిన ముఖాన్ని చివరిసారి చూసుకోవాలి. మెట్రోలో నిలబడి ఉన్నంతసేపూ దేవుడా ఆలస్యం చెయ్యకు, ఆలస్యం చెయ్యకు అనే మొక్కుకున్నాను.

మేం ముందే చేరాం. మెట్రో స్టేషన్ కింద బంతిపూల దండ పెద్దది కొన్నాం. శ్మశానంలో రేకుల షెడ్డు కింద నిలబడ్డాం. కాసేపటికి డప్పులు వినిపించాయి. ఓదెలు అప్పటికే ఏడుస్తున్నాడు. దండ పట్టుకుని అందరికన్నా ముందు పాడె దగ్గరికి పరుగెత్తాడు. అక్కడున్నది పండిపోయిన ముసలాయన. ఆయన కొడుకులు ఓదెలుని చూసి, తండ్రికి తెలిసినవాడేమో అనుకుని పక్కకి జరిగి చోటిచ్చారు. ఓదెలు దండ పట్టుకుని అలాగే నిలబడి, నమస్కారం పెట్టి వెనక్కి వచ్చాడు.

వాన మొదలైంది. పోస్టుమార్టం ఆలస్యమై ఉంటుందని నీహారిక అంది. బంధువులెవరో రావాలేమో అని ఆదర్శ్ అన్నాడు. ముసలాయన చితి అంటుకుంది. ఎవరూ రావడం లేదు. కాటి దగ్గర ఉండే మనిషి ఇవాళ ఇంకెవరూ రావట్లేదే అన్నాడు, ఎవరి తాలూకు అని అడిగాడు. కిరణ్ అన్నాం. పూర్తి పేరు అడిగాడు. మేం నలుగురం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. నాలుగేసి గంటలు కబుర్లు చెప్పుకున్న స్నేహితులం, చచ్చిపోయినవాడి పేరు సగమే తెలిసినవాళ్ళం.

వెలుతురు తగ్గుతుండగా నా ఫోను మోగింది. కిరణ్ నంబరు. వాడి పేరు తెర మీద చూస్తూనే ఎత్తాను. అవతల సన్నటి గొంతు, ఏడ్చి ఏడ్చి పూడుకుపోయింది.

"సంయుక్తక్కా, మీరెవ్వరూ రాలేదేంటక్కా?"

"వచ్చామమ్మా. శ్మశానంలోనే ఉన్నాం ఇందాకట్నుంచీ. మీరే..."

"మేం సమాధుల తోటలో ఉన్నామక్కా. బాలానగర్ వెళ్ళే దారిలో. అంతా అయిపోయింది. అమ్మ కదలనంటోంది."

ఫోను పెట్టేశాక నేనేం చెప్పానో, వాళ్ళేం విన్నారో గుర్తులేదు. ఓదెలు ఒక్కడే "అరె, తెల్లంగి" అన్నాడు. పొద్దున చర్చి, సాయంత్రం మేము. రెండేళ్ళపాటు దేవుడి దగ్గర నుంచి తిన్నగా మా దగ్గరికి వచ్చినవాణ్ణి కుంభకర్ణుడన్నాం. వాడేం దాచలేదు. ఒంటిమీద వేసుకునే వచ్చాడు. ఎవరినీ ఏమీ అడగం అని గొప్పలు పోయినవాళ్ళం, అడక్కుండానే వాడికి ఒక కులమూ ఒక దేవుడూ ఒక కాష్ఠమూ ఇచ్చేశాం. నాకు నీహారిక మీద కోపమొచ్చింది, ఆ రూల్స్ మీద కోపమొచ్చింది. ఆటోలో ఆ కోపమంతా తిరిగి తిరిగి నా మీదికే వచ్చి కూర్చుంది.

సమాధుల తోట గేటు దగ్గర జనం వెళ్ళిపోతున్నారు. లోపల కొత్తమట్టి దిబ్బ, దాని మీద తడిసిన లిల్లీ పూలు, తల వైపు కొయ్య సిలువ. సిలువ మీద తెల్లరంగుతో కిరణ్ పాల్ అని రాసి ఉంది. వాడి పేరు పూర్తిగా చదవడం అదే మొదటిసారి. పక్కన ప్లాస్టిక్ కుర్చీలో వాళ్ళమ్మ కూర్చుని ఉంది. రాహేలు గారు. తండ్రి ఆనందరావు గారు గొడుగు పట్టుకుని ఆవిడ వెనక నిలబడ్డారు. చెల్లెలు కెజియా మమ్మల్ని చూసి ఎదురొచ్చింది.

జరిగింది కెజియా మెల్లగా చెప్పింది. పెట్టె మూత వెయ్యబోతే అమ్మ అడ్డం పడిందట. ఆదివారం వాళ్ళు వస్తారు, వాళ్ళు చూడాలి అందట. పాస్టరుగారు ఇంకో పాట పాడించారు. తర్వాత ఇంకోటి. మళ్ళీ ఇంకోటి. పుస్తకంలో తెలిసిన పాటలన్నీ అయిపోయాయట. వాన అన్నయ్య ముఖం మీద పడుతోంటే అమ్మ కొంగుతో తుడుస్తూ నిలబడిందట. తవ్వినవాళ్ళు గుంతలోకి నీళ్ళొస్తున్నాయని గొడవ చేస్తే, చివరికి నాన్నే అమ్మ చెయ్యి పట్టుకుని పక్కకి లాగి మూత వేయించారట. తన ఫోను, అన్నయ్య ఫోను రెండూ ఇంట్లో బ్యాగులో ఉండిపోయాయని, ఎవర్నో పంపి తెప్పించాకే చూసుకున్నానని కెజియా కళ్ళు తుడుచుకుంది. దానికి క్షమించమని తనే మమ్మల్ని అడిగింది.

నేను రాహేలు గారి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఆవిడ నా ముఖం కాసేపు చూసింది.

"జ్వరం వచ్చినమ్మాయివి నువ్వే కదూ. జావ ఇష్టంగా తాగావని చెప్పాడు."

తలూపాను. ఆవిడ నా తల మీద చెయ్యి వేసి, తడిసిన జుట్టు వెనక్కి తోసింది.

"ఎవరూ ఏమీ అడగని చోటు దొరికిందమ్మా నాకు అని ఎంత సంబరపడేవాడో. నాకేమో భయమేసేది. ఇవాళ ఎంతసేపటికీ మీరు రాకపోయేసరికి, మేమెవరమో మీకు తెలిసిపోయిందేమో, అందుకే రాలేదేమో అనుకున్నాను తల్లీ."

వెనక నుంచి ఆదర్శ్ ట్రాఫిక్ అని ఏదో మొదలుపెట్టాడు. ఆ అబద్ధం ఆవిడకి హాయిగా ఉండేదేమో. నాకు చెప్పబుద్ధి కాలేదు.

"తెలిసి కాదండీ, తెలీకే రాలేకపోయాం. మేం వేరే శ్మశానంలో నిలబడ్డాం. కట్టెల దగ్గర. మీ అబ్బాయి అక్కడికే వస్తాడనుకున్నాం."

ఆవిడకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

"రెండేళ్ళు కలిసి తిరిగారు కదమ్మా."

"అడగకూడదని రూలు పెట్టుకున్నామండీ."

"అడిగితే చెప్పేవాడు కదా" అంది. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదని ఎంతగానో అనిపించింది. ఆవిడ కుర్చీలోంచి వంగి దిబ్బ అంచున తడిమట్టి గుప్పెడు తీసి, నా అరచేతిలో పెట్టి, వెయ్యి తల్లీ అంది. గుంత ఎప్పుడో పూడ్చేశారు. ఆ మట్టి పట్టుకుని లేచి, ఎక్కడ వెయ్యాలో తెలీక అలాగే నిలబడ్డాను.